మెల్లని పరుగు



వేదాంతమో వ్యాకరణమో చెప్పవలసిన వయస్సున ఈ ముసలి పంతులు పరుగును గూర్చి ప్రసంగింప వచ్చుట యేమని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. నవ్వుడు, నేను కోపగింపను. ఒక యేడాది క్రిందట నన్నెవరైన నీవు పరుగెత్తెదవని చెప్పినచో నేనును నవ్వియే యుందును. ముప్పదినాలుగేండ్లు పాఠశాలలో తెలుగు చెప్పితిని. వసారాలో పరుగెత్తు పిల్లలను ఆపుట నా వృత్తిధర్మములలో నొకటిగా నుండెను గాని, పరుగెత్తుట యెన్నడును కాదు.

నేడు నేను చెప్పబోవునది పందెపు పరుగు కాదు. గట్టిగా పరుగెత్తిన దినమునకు మఱునాడు ఒడలు తేఱుకొనుటకై పరుగెత్తెడు మెల్లని పరుగు. దీనిని ఇంగ్లీషువారు రికవరీ రన్ అందురు. తేఱుపరుగు అనిన బాగుండునని నాకు తోచినది. మా మనుమడు మెల్లపరుగు అని పిలిచెను. పిలుచువాని మాటయే నిలిచినది గనుక నేనును అట్లే యనుచున్నాను.

ఈ మనుమడు నా కూతురి కొడుకు, ఇరువదిరెండేండ్లవాడు. పోలీసు కానిస్టేబులు ఉద్యోగమునకై మా యింట నుండి చదువుకొనుచున్నాడు. ఆ పరీక్షలో వ్రాతతోపాటు 1600 మీటర్ల పరుగు కలదని ఈడువచ్చిన పిల్లలు గల యిండ్లవారందఱకును తెలిసినదే. ఏ గ్రామమునకు పోయినను తెల్లవాఱుజామున పాఠశాల ఆటస్థలమున పదిమంది యువకులు చుట్లు తిరుగుచుందురు. దూరమునుండి చూచువారికి అది ఆట. ఇంటిలోనివారికి అది యాట కాదు. మా అల్లుడు కౌలురైతు. గడచిన మాఱు ఈ పిల్లవాడు వ్రాతలో నెగ్గి, పరుగులో కొలది సెకండ్ల తేడాతో తప్పిపోయి యింటికి వచ్చిననాడు ఎవ్వరును వానిని మందలింపలేదు. అందఱును మాటలాడకుండుటయే వానికి మందలింపుకంటె హెచ్చు బాధ కలిగించినది.

ఆ పట్టుదలతో వాడు ప్రతిదినమును ప్రాణములు బిగబట్టి పరుగెత్త నారంభించెను. ఆదివారము లేదు, అమావాస్య లేదు. మూడు వారములు గడచునప్పటికి మోకాలి క్రింద ముందువైపు ఎముకవెంట నొప్పి బయలుదేఱినది. మాకు చెప్పక గుడ్డ చుట్టుకొని పరుగెత్తెను. తుదకు మెట్లు దిగలేక పట్టుబడెను.

వైద్యుడు ఎక్సురే తీయించి, ఎముక విఱుగలేదనియు, ఇట్లే పోయినచో సన్నని పగులు పట్టవచ్చుననియు చెప్పి రెండు వారములు విశ్రాంతి విధించెను. ఎముకనుగూర్చి మనము ఱాయివంటిదని తలంతుము గాని, అది ప్రాణముగల వస్తువు. ప్రతి దెబ్బకును కొంచెము అరుగును, విశ్రాంతి దొరకినచో మరల కట్టుకొని మునుపటికంటె గట్టిపడును. కట్టుకొనుటకు వేళ యియ్యకయే కొట్టుచు పోయినచో పగులును. గోడ తడి యాఱకముందే పైవరుస పెట్టు తాపీమేస్త్రిని మనము కోప్పడుదుము గదా.

పొరుగూరిలో సైన్యమునుండి విరమించిన హవల్దారు ఒకరున్నారు. ఆయన మా వానిని చూచి, “వారానికి మూడు రోజులు గట్టిగా పరుగెత్తు. మధ్య రోజుల్లో మెల్లగా పో. అది చేతకాకపోతే ఇంట్లో పడుకో” అని చెప్పిరి. ఇంట పడుకొనుట మావానికి చేతనగును. మెల్లగా పరుగెత్తుట మాత్రము చేతకాలేదు! మెల్లగా బయలుదేఱును, రెండు ఫర్లాంగులు పోవునప్పటికి కాళ్లు వానిమాట వినవు. పైగా తోటివారు దాటిపోవుదురు. చేతిగడియారమో, చరవాణియో యేదో యొకటి వాని వేగమును లెక్కవేసి చూపును. ఆ లెక్క చూచి వాడు సిగ్గుపడును. “ఇది పరుగా తాతయ్యా? గేదె నడక” అనెను. మెల్లగా పోయిన దినము వ్యర్థమైనదని వాని భయము. విసుగు వేఱు.

ఈ సంగతి విని హవల్దారుగారు ఒక్క క్షణము నన్ను ఎగాదిగా చూచి, “మీ తాతగారిని వెంటబెట్టుకొని పో. ఆయనకంటె ముందుకు అడుగు వెయ్యకు” అనిరి.

నాకు మూడేండ్లుగా మధుమేహము కలదు. దినమును నడచుచునే యున్నాను. మెల్లగా పరుగెత్తవచ్చునా యని వైద్యునడిగితిని. ఆయన గుండెను పరీక్షించి, రక్తపుపోటు చూచి, కొంచెము నడక, కొంచెము పరుగుగా మొదలిడుమని అనుమతించెను. ఈ మాట యిక్కడ చెప్పుట యవసరము: మీలో అఱువది దాటినవారెవరును ఈ ప్రసంగము చదివి రేపు ఉదయమే పంచె యెగగట్టి బయలుదేఱవలదు. ముందుగా వైద్యుని చూడుడు. రొమ్మున బిగువు గాని, తల తిరుగుట గాని కలిగిన తత్‌క్షణము ఆగుడు.

ఆవిధముగా నేను మనుమనికి కళ్లెమునైతిని.

మొదటి దినములలో ఎంత మెల్లన మెల్లన యగునో మాకు తెలియలేదు. నాకొక యుపాయము తోచెను. పరుగెత్తుచునే పద్యము చెప్పవలెను. ఆటవెలది యొక్కటి నాలుగు పాదములును గ్రుక్క తిరుగక, పదము విఱుగక చెప్పగలిగినచో వేగము సరియైనది. పాదము నడుమ ఊపిరికై ఆగవలసివచ్చినచో వేగము హెచ్చినది. సీసపద్యము చెప్పగలిగినవాడు మఱికొంచెము త్వరపడవచ్చును గాని, మేమంత దూరము పోలేదు. ఈ కాలపు శిక్షకులును ఇట్టిదే చెప్పుదురు: ప్రక్కవానితో పూర్తి వాక్యములు మాటలాడగలిగినంత వేగముననే పోవలెనని. వారికి వాక్యము చాలును, మనకు పద్యముండగా వాక్యమెందుకు? పద్యములు తఱిగిన దినమున ఎక్కములు చెప్పించితిని. పందొమ్మిదవ యెక్కము వానికి సరిగా రాదని ఆ గట్టుమీదనే బయటపడినది. పరీక్షలో లెక్కలును కలవు గనుక ఆ శ్రమ వ్యర్థము కాలేదు.

అది మా యూరి కాలువగట్టు. ఇంటినుండి లాకులవఱకు రెండు కిలోమీటర్లు. పోయి వచ్చుట నాలుగు. పందెమున కిలోమీటరును నాలుగు నిమిషములలో దాటు ఆ పిల్లవాడు నావెంట ఎనిమిది నిమిషములకు పైగా తీసికొనుచుండెను.

ఇంత మెల్లగా పోయిన లాభమేమి? ఇక్కడ ఒక పొరబాటును సరిదిద్దవలసియున్నది. గట్టి పరుగువలన కండరములలో పేరుకొనిన ఆమ్లమును ఈ మెల్లని పరుగు మఱునాడు కడిగివేయునని చాలమంది చెప్పుదురు. నేనును మొదట నమ్మితిని. అది నిజము కాదు. వారు చెప్పెడు లాక్టేటు గట్టి పరుగు ముగిసిన గంట, గంటన్నరలో తనంతట తానే పూర్వస్థితికి వచ్చును, మఱునాటివఱకు నిలువదు. మఱునాటి నొప్పులు కండరపు పోగులలో కలిగిన సూక్ష్మమైన గాయములవలని వాపు. అది తగ్గుటకు ఒకటి రెండు దినములు, ఒక్కొక్కప్పుడు హెచ్చుగను పట్టును. కండరములలో నిలువయుండు గ్లైకోజెన్ అను పిండిపదార్థము గట్టి పరుగువలన తఱిగిపోయి, అన్నము తిని నిద్రపోయిన పిమ్మట సుమారొక దినమునకు నిండును. కావున గాయము మాన్పునది తిండియు నిద్రయు. మెల్లపరుగు మంత్రించినట్లు మాన్పదు.

మఱి చేయుపని యేమనగా, గాయము హెచ్చింపకయే అభ్యాసమును కొనసాగించుట. మెల్లగా పరుగెత్తునపుడు కూడ గుండె సాగును, కండరములలో వెండ్రుకకన్న సన్నని రక్తనాళములు క్రొత్తగా అల్లుకొనును, కణములలో మైటోకాండ్రియములను చిన్నపొయ్యిలు వృద్ధిపొందును. ఇవి వేగమువలన కంటె, పలు దినముల ఓపికవలన హెచ్చుగా పెరుగునవి. నార్వేలో పనిచేయు స్టీఫెన్ సైలర్ అను అమెరికా దేశపు శాస్త్రజ్ఞుడు పడవలు నడుపువారు, మంచుపై జాఱువారు, పరుగెత్తువారు మొదలగు మేటి క్రీడాకారుల దినచర్యలు పరిశీలించి, వారి అభ్యాసములలో సుమారు నూటికి ఎనుబది వంతులు మెల్లనివే యని తెలిపెను. మా మనుమడు దీనిని తలక్రిందులుగా చేసి నూటికి నూఱును గట్టివే చేసికొనెను.

వానికి శాస్త్రముకంటె మనుష్యులను చూపిన నమ్మకము కుదురును. కెన్యా దేశపు ఎలియూద్ కిప్చోగి 2022లో బెర్లిన్ నగరమున మారథాను, అనగా నలుబదిరెండు కిలోమీటర్లకు పైబడిన పరుగును, 2 గంటల 1 నిమిషము 9 సెకండ్లలో ముగించెను. కిలోమీటరునకు మూడు నిమిషములు కూడ పట్టలేదన్నమాట. అట్టి దేశమున మెల్లపరుగు ఉదయములందు ఆ మేటివారు నడకకు తమ్ముడువంటి పరుగుతో బయలుదేఱుదురు. వారు సిగ్గుపడరు. ఈ సంగతి చెప్పినప్పుడు మావాడు కొంతసేపు మాటలాడలేదు.

నాకు మాత్రము ఇంతకన్న నచ్చినది వేఱొక కథ. న్యూజీలండు దేశమున ఆర్థర్ లిడియార్డ్ అనునాయన, చెప్పుల కర్మాగారమున పనిచేసినవాడు, పరుగు నేర్పుటలో గొప్ప గురువయ్యెను. ఆయన శిష్యులు పీటర్ స్నెల్, ముఱ్ఱే హాల్‌బర్గ్ 1960 రోము ఒలింపిక్సులో ఒక్కదినముననే రెండు బంగారు పతకములు గెలిచిరి. ఆయన మేటివారికే కాక, గుండెజబ్బు పడిలేచిన వృద్ధులకును మెల్లగా పరుగెత్తుట నేర్పెను. అమెరికాలో ఆరెగాను విశ్వవిద్యాలయపు శిక్షకుడు బిల్ బవర్మన్ 1962లో ఆయనను చూడబోయెను. అప్పటికి బవర్మన్‌నకు ఏబదియొక్క యేండ్లు. ఎందఱికో పరుగు నేర్పినవాడు. ఒక ఉదయము లిడియార్డ్ ఆయనను ఊరివారి గుంపుతో కూడ పరుగునకు తీసికొనిపోయెను. కొంతదూరమునకే బవర్మన్ వెనుకబడెను. అప్పుడు డెబ్బదియేండ్లు దాటిన, గుండెపోట్లు వచ్చి తగ్గిన వృద్ధుడొకడు జాలిపడి వెనుకకు తగ్గి, ఆయనతో మాటలాడుచు మెల్లగా చివరివఱకు తోడువచ్చెను. ఆచార్యునకు మాటలాడుటకు ఊపిరి చాలలేదు, వృద్ధునకు చాలినది. బవర్మన్ స్వదేశమునకు పోయి తన ఊరివారికి ఈ మెల్లని పరుగు నేర్పెను. 1967లో ఒక గుండె వైద్యునితో కలిసి దానిపై పుస్తకము వ్రాసెను. తన శిష్యులకు గట్టిదినము వెంట మెత్తదినము అను నియమమును స్థిరపఱచినవాడును ఆయనయే. ఆ కథ చదివిన తర్వాత నాకు గర్వము కొంచెము కలిగినది. దాని ఫలము ముందు చెప్పెదను.

మన పెద్దలు ఈ సంగతి నెఱుగనివారు కారు. ఆయుర్వేదమున వ్యాయామము అర్ధశక్తితో చేయవలెనని కలదు. సగము శక్తి యని యెట్లు తెలియును? ఊపిరి నోటివఱకు వచ్చునపుడు, నుదుట, ముక్కుపై, కీళ్లయందు చెమట పట్టునపుడు సగము శక్తి వ్యయమైనదని గుర్తు. అదియును బలవంతులకు, చలికాలమునందును వసంతమునందును. తక్కిన ఋతువులలో ఇంకను మందముగా చేయవలెనని వాగ్భటుడు చెప్పెను. వేదము నేర్పు శిక్షాగ్రంథములలో మఱియొక విభాగము కలదు. తాను అభ్యసించునప్పుడు త్వరిత గతి, ప్రయోగమున మధ్యమ గతి, శిష్యునకు చెప్పునప్పుడు విలంబిత గతి. నేను చిన్ననాట దీనిని వల్లించితిని గాని, విలంబితమున శిష్యునితోకూడ గురువును నేర్చునని ఆ కాలువగట్టుమీదనే తెలిసినది.

ఇక నా గర్వము సంగతి. ఒక ఉదయమున మేము లాకులవైపు పోవుచుండగా ముగ్గురు యువకులు మమ్ము దాటిరి. అందొకడు నా పూర్వశిష్యుడు. “ఏం మాస్టారూ, ఇంత నెమ్మదిగానా!” అని నవ్వి పోయెను. వాడు చెడ్డవాడు కాడు. కాని ఆ మాట నాకు సూదివలె గ్రుచ్చుకొనెను. మనుమడు “తాతయ్యా, వద్దు” అనుచునే యున్నాడు. నేను వారివెంట ఫర్లాంగున్నర పరుగెత్తితిని. పిక్క పట్టివేసినది. పాలవాని బండిమీద ఇంటికి చేరితిని. నా భార్య గుమ్మములో నిలిచి, “పిల్లవాణ్ణి ఆపమని పంపిస్తే మీరే కాలు విరుచుకొచ్చారా?” అనెను. దానికి బదులు నేటికిని నాకు దొరకలేదు.

పండ్రెండు దినములు మంచము పట్టితిని. నా నొప్పి పెద్దది కాదు. జరిగిన కీడు మఱియొకటి. కళ్లెము లేని ఆ దినములలో మనుమడు ఒంటరిగా పోవుచు, మెల్లదినములను కూడ గట్టిదినములుగా మార్చుకొనెను. ఎముకనొప్పి మరల వచ్చినది. ఐదు దినములు కాలు నేలమోపలేకపోయెను. ఈ మాఱు పగులు పట్టియున్నచో రెండు నెలలు కాలు కదపరాదు, పరీక్షయు పోవును. మరల ఎక్సురే తీయించి, పగులు లేదని తెలియువఱకు ఇంటిలో ఎవ్వరికిని అన్నము రుచింపలేదు. వానికి ఓపిక నేర్ప బయలుదేఱిన పంతులు తనకే ఓపిక లేక ఆ స్థితి తెచ్చెనని నేను మాత్రమే యెఱుగుదును. నేడు మీరును ఎఱిగితిరి.

వాడు తేఱుకొని మరల మొదలిడునప్పటికి నా పిక్క యింకను బాగుపడలేదు. సైకిలెక్కి వానిప్రక్కన పోయితిని. మెల్లగా పరుగెత్తువానితో సమముగా సైకిలు త్రొక్కుట యెంత కష్టమో మీరొకసారి ప్రయత్నింపుడు. రెండుమాఱులు తుమ్మపొదలోనికి పోయితిని.

తర్వాత మరల ఇద్దఱము కలిసి పరుగెత్త నారంభించితిమి. ఈ సారి మనుమడు చరవాణిని ఇంటనే విడిచెను. నేను చెప్పలేదు, వాడే విడిచెను. జూను మాసమున కాలువకు నీరు వదలిరి. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో ముగిసినది మొదలు ఏటేట ఆ నీరు మా యూరికి వచ్చుచునే యున్నది. నేను అఱువదేండ్లకు పైగా దానిప్రక్కన జీవించితిని. కాని నీరు వచ్చిన మొదటి ఉదయమున ఎండుటాకులు, నుఱుగు ముందు నెట్టుకొనుచు అది ఎంత మెల్లగా, మనిషి పరుగంత వేగముననే, పాఱి వచ్చునో ఆనాడే చూచితిని. మేము దానితో సమముగా కొంతదూరము పరుగెత్తితిమి. ఆకుమళ్లలో పచ్చదనము, తడిమట్టి వాసన, తీగెమీద కూర్చున్న లకుముకిపిట్ట నీటిలోనికి బాణమువలె పడుట, బిందెలతో వచ్చు స్త్రీలు మమ్ము చూచి ప్రక్కకు తొలగి నవ్వుకొనుట, ఇవన్నియు నడకలోను కనబడునవే. అయినను ఒడలు వెచ్చబడి, ఊపిరి లయగా ఆడుచు, శ్రమ తెలియకుండునప్పుడు చూచిన చూపునకు వేఱొక చుఱుకు కలదు. గట్టిగా పరుగెత్తువానికి తన రొమ్ము చప్పుడు తప్ప మఱేమియు వినబడదని మనుమడే చెప్పెను. “ఈ దారిలో ఇన్ని తాటిచెట్లున్నాయని ఇన్నాళ్లూ చూడలేదు తాతయ్యా” అనెను. ఆ దినమునుండి వాడు విసుగని అనలేదు. చెట్లు లెక్కించుట, ఎవరి చేను ఎంత పెరిగెనో చూచుట, ఒకనాడు తూర్పు గట్టు, ఒకనాడు పడమటి గట్టు పట్టుట, తిరిగివచ్చి పెరుగన్నము తినుట, ఇవి వానికి ఎదురుచూచు పనులైనవి.

ఒకనాడు లాకులవద్ద తిరుగునప్పుడు, నేను అడుగకయే, వాడు తన తండ్రి చేసిన అప్పుల సంగతి చెప్పెను. ఎంతయో, ఎవరివద్దనో, తనకు ఎట్లు తెలిసినదో, అన్నియు చెప్పెను. “ఈసారి కూడా పోతే నాన్న ముఖం ఎలా చూడను?” అనెను. ఇంటిలో ఎదురెదురుగా కూర్చుండి అడిగినపుడు ఎన్నడును పెదవి విప్పనివాడు, ప్రక్కప్రక్కన పరుగెత్తుచు, ముందున్న దారినే చూచుచు చెప్పెను. వాడెప్పటివలె బిగించి పరుగెత్తుచుండినచో ఆ మాట చెప్పుటకు ఊపిరి యుండెడిది కాదు. నేనును వెంటనే బదులు చెప్పలేదు. ఇద్దఱము ఇంటివఱకు అదే వేగమున వచ్చితిమి. ఆ సాయంకాలము అల్లునికి కబురంపి, ముగ్గురము కూర్చుండి లెక్కలు చూచితిమి. అప్పు తీఱలేదు గాని, అది ఒక్కని గుండెమీద నుండి ముగ్గురి భుజములమీదికి వచ్చినది.

పరుగు పరీక్ష వచ్చు మాసమున కలదు. కాలినొప్పి మరల రాలేదు. వాని గట్టిదినపు కాలము గడచిన మాఱుకంటె తగ్గినదని హవల్దారుగారు గడియారము చూచి చెప్పిరి. నాకు సెకండ్ల లెక్క తెలియదు.

రేపు మెల్లపరుగు దినము. ఐదుగంటలకు వాడు తలుపు తట్టును. పద్యము చెప్పువంతు రేపు నాది. ఇక సెలవు.